చేపలకు తొలి చెంబు

మొన్న ప్రొద్దుటూరులో మా తమ్ముడి కూతురు భోజనానికి పిలిస్తే పోయాను. విస్తట్లో అన్నం పడకముందే నన్ను తీసుకుపోయి చేపల తొట్టి ముందు కూర్చోబెట్టింది. తొట్టి కొని ఎన్నాళ్లో కాలేదు, చేపలు ఒకదాని తర్వాత ఒకటి చచ్చి తేలుతున్నాయట. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మేనత్త ఉండగా వాటి చావుకు కారణం ఇంకెవరు చెప్పాలి? తొట్టి పక్కన చిన్న చిన్న సీసాలు, చుక్కలు వేసి చూసుకునే గాజు గొట్టం, రంగులు అచ్చు వేసిన అట్ట అన్నీ ఉన్నాయి. ఒక్కదాని మూత కూడా తీసిన పాపాన పోలేదు. "మేము తాగే నీళ్లే పోస్తాండాం అత్తా. వారం వారం తొట్టంతా కడిగి, క్యాన్ నీళ్లు నింపుతాండాం. ఇంతకన్నా మంచి నీళ్లు యాడ తెచ్చేది?" అంది. "చేపకు కావాల్సింది మంచి నీళ్లు కాదే, అలవాటైన నీళ్లు" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. ఆ మాట నాది కాదు, మా అమ్మది. చేతులు కట్టేసి కూర్చోబెట్టిన ఒక మనిషిని విడిపించడానికి, అలాంటి మాటలు వినే అలవాటు లేనివాళ్ల మధ్య నిలబడి ఆమె అన్న మాట. ఇంటికి వచ్చినా, అమ్మ ఆ మాట అన్న రోజు నన్ను వదల్లేదు. రాసి పారేస్తేనన్నా వదులుతుందేమో చూద్దామని కూర్చున్నాను.

మాది జమ్మలమడుగు. తాతల కాలంలో మిషనరీ దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. మా ఇళ్లలో పుట్టినవాళ్లు టీచర్లయినా అవుతారు, నర్సులయినా అవుతారు. మా అమ్మ హైస్కూల్లో సైన్సు టీచరు. ఊరంతా ఆమెకు ఒకటే పేరు, టీచరమ్మ. పిల్లలకు చూపించడానికని ప్రొద్దుటూరులో అద్దాలు కోయించి, ఇనుప చట్రంలో బిగించి తొట్టి చేయించింది. అది బడిలో రెండు రోజులు కూడా క్షేమంగా ఉండదని తెలిసి ఇంటికే తెచ్చుకుంది. నడింట్లో కిటికీ పక్కన, నాపరాతి అరుగు మీద ఉండేది. దాని దగ్గర చేపల కంపు ఉండేది కాదు. వాన పడ్డాక బండల మీంచి వచ్చే చల్లటి వాసన ఉండేది. ఆ వాసన ఏమాత్రం మారినా అమ్మ వంటింట్లోంచే కనిపెట్టేది. శనివారం మధ్యాహ్నం, బియ్యం ఏరడం అయ్యాక, తొట్టి పని. ముందురోజే బావి నీళ్లు తోడి వెడల్పాటి బేసిన్‌లో పోసి, పల్చటి గుడ్డ కప్పి ఉంచేది. తొట్టిలోంచి ఒక చెంబు తీయడం, ఆగడం, బేసిన్ నీళ్లు ఒక చెంబు సన్నటి ధారగా పోయడం, మళ్లీ ఆగడం. బడి నుంచి తెచ్చుకున్న పీహెచ్ కాగితం ముక్క ముంచి రంగు చూడడం. మా జేజికి, అంటే నాయనమ్మకు, ఇదంతా ఒళ్లుమంట. "కూరకు రాని చేపలకు ఇంత సేవేందే? ఆ శ్రద్ధ పులుసు మీద పెడితే మేమన్నా బతుకుదుం" అనేది. అమ్మ నవ్వేది కాదు. నీళ్లు ఒక్కసారిగా మారిస్తే చేప గుండె ఆగిపోతుందని, మెల్లగా మారిస్తే దేనికైనా అలవాటు పడుతుందని ఎవరు అడిగినా అడగకపోయినా చెప్పేది.

ఆ రోజుల్లో మా తట్టు పార్టీ అంటే ఎన్నికల గుర్తు ఒక్కటే కాదు. పార్టీ అంటే మనుషులు, జీపులు, గడ్డివాముల్లో దాచిన బాంబులు. ఎన్నికల గుర్తులు తర్వాత వచ్చి వాటి నెత్తిన కూర్చున్నాయి. వీధిలో జీపు శబ్దం వినబడితే చాలు, అరుగుల మీది ఆడవాళ్లు చేటలతో సహా లోపలికి పోయేవాళ్లు. జీపు ఎవరిదో శబ్దాన్ని బట్టి చెప్పగలిగేది మా జేజి. ఏటి ఒడ్డున ఒక ఊళ్లో ఒక పార్టీ పెద్ద ఉండేవాడు. ఆయన పేరు రాయను, ఊరి పేరూ రాయను. అందరూ పెద్దాయన అనేవాళ్లు, నేనూ అట్లే రాస్తాను. బాంబులకు ఆయన భయపడేవాడు కాదు. వాటికి ఎత్తు గోడ ఉంది, చుట్టూ మనుషులున్నారు. ఆయన భయమంతా తిండి మీద, నీళ్ల మీద. వాళ్ల మేనమామ ఒక పెళ్లిలో మజ్జిగ తాగి చనిపోయాడని, ఆ మజ్జిగలో అవతలి పార్టీ వాళ్లు ఏదో కలిపారని చెప్పుకునేవాళ్లు. నిజమో కాదో ఎవరికీ తెలియదు. ఆయన మాత్రం నమ్మాడు.

కడగొట్టు కూతుర్ని బడిలో చేర్చే పని మీద ఆయన ఒకసారి మా ఇంటికి వచ్చాడు. కాఫీ ఇస్తే ముట్టుకోలేదు. తొట్టి ముందు చాలాసేపు నిలబడి, "టీచరమ్మా, నీళ్లలో ఇసం ఉంటే ఈ చేపలకు తెలుస్తాదా?" అని అడిగాడు. అమ్మ పాఠం చెప్పే ధోరణిలో, "మనకన్నా ముందు వాటికే తెలుస్తుందన్నా. మొదట పోయేది అవే" అంది. ఆయన ఇంకోసారి తొట్టి వైపు చూసి వెళ్లిపోయాడు. తర్వాత మనిషిని పంపి మా తొట్టిలోంచి కొన్ని చేపల్ని తెప్పించుకున్నాడు. మాకన్నా పెద్ద తొట్టి చేయించాడని విన్నాం. అమ్మ సంబరపడింది కూడా. ఆ పెద్ద ఇంట్లో ఒకరికి చేపల మీద ప్రేమ పుట్టిందనుకుంది, పిచ్చిది.

ఆ ఇంటి పద్ధతి మాకు మౌలాలి మామ ద్వారా తెలిసింది. మౌలాలి మామ ఇల్లు మా వీధి చివర. పెద్దాయన ఇంట్లో వంట, నీళ్లు అన్నీ ఆయన చేతి మీదే నడిచేవి. రోజూ చీకటితోనే సైకిలు మీద ఆ ఊరు పోయి, తెల్లవారుతూనే పెన్న ఇసకలో చెలమ తోడి, ఆ తియ్యటి నీళ్లు బిందెలతో ఇంటికి చేర్చేవాడు. బిందెలు నేరుగా వంటింట్లోకి పోవు. మొదట ఒక చెంబు చేపల తొట్టిలో పోయాలి. పెద్దాయన పేపరు చదవడం అయ్యేదాకా అందరూ ఆగాలి. చేపలు తిరుగుతూ ఉంటే ఆయన తలూపుతాడు, అప్పుడు పొయ్యి వెలుగుతుంది. "నీ చేపలు లేచినంకనే ఆ ఇంట్లో కాఫీ టీచరమ్మా" అని మామ నవ్వుతూ చెప్పాడు. అమ్మ నవ్వలేదు. "తొట్టిలోంచి నీళ్లు తీస్తాండారా?" అని అడిగింది. "తీసేదేంది, పోసేదే. పొర్లితే పొర్లుతాది" అన్నాడు మామ. "తిండి?" "వచ్చినోడల్లా పిడికెడు అన్నం ఏస్తాడు." అడుగున పేరుకున్న మురికి తీయించమని, లేకపోతే నీళ్లు పులిసిపోతాయని అమ్మ చెప్పి పంపింది. ఆ ఇంట్లో ఆ తొట్టిలో చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. చెయ్యి పెట్టినవాడి మీదే అనుమానం వస్తుంది కదా.

ఎండాకాలంలో చెలమలు ఎండిపోయాయి. పెద్దాయన తోటలో బోరు వేయించాడు. నాపరాతి పొర చీల్చుకుని నీళ్లు ఎగిసిపడ్డాయని మా వీధిలో కూడా చెప్పుకున్నారు. మౌలాలి మామ మొదటి బిందె నింపి తెచ్చాడు. కొత్త నీళ్లని బిందెకు పసుపు రాశారు, టెంకాయ కొట్టారు. ఆ సంతోషంలో తొట్టిలో ఒక చెంబు కాదు, బిందెడూ కుమ్మరించారు. టెంకాయ ముక్కలు పంచడం పూర్తి కాకముందే చేపలన్నీ వెల్లకిలా తేలాయి. అక్కడ ఉన్నవాళ్లలో ఒక్కరికి కూడా వేరే ఆలోచన రాలేదు. నీళ్లు తెచ్చింది మౌలాలి. మౌలాలి చిన్న కూతుర్ని ఇచ్చింది ఏటి అవతలి ఊరికి. ఆ ఊరు అవతలి పార్టీది. ఇంక సాక్ష్యం ఎందుకు?

మా ఇంటి ముందు జీపు ఆగింది. నేను ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతూ సెలవులకు ఇంట్లో ఉన్నాను. జీపులోంచి దిగినవాడు గడప దగ్గరే నిలబడి, "టీచరమ్మా, చేపలు సచ్చిపోయినాయి. మౌలాలి ఇసం కలిపినాడు. ఏం ఇసమో నువ్వు చూసి చెప్పాలంట. పెద్దాయన రమ్మంటాండాడు" అన్నాడు. జేజి అమ్మ కొంగు పట్టుకుంది. "పోవద్దు. నువ్వేం చెప్పినా తప్పే అయితాది. ఇసం అంటే మౌలాలిని సంపుతారు, కాదంటే నిన్ను అవతలి పార్టీ అంటారు." జేజి అన్నది అక్షరాలా నిజమని ముగ్గురికీ తెలుసు. అమ్మ కాగితాల డబ్బా సంచిలో వేసుకుంది. మా తొట్టిలోంచి నాలుగు చేపల్ని సీసాలోకి పట్టి నా చేతికిచ్చింది. "కుదపకుండా పట్టుకో" అంది. నన్ను రావొద్దనే మాట ఆమె నోట రాకముందే నేను జీపెక్కి కూర్చున్నాను. దారంతా ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని, రోడ్డు మీది గుంటల్ని, ముందు సీట్లో మనిషి కాళ్ల దగ్గర, బాంబులున్నాయేమో అనిపించిన గోనెసంచిని మార్చి మార్చి చూశాను.

మౌలాలి మామను ఎద్దుల కొట్టంలో కూర్చోబెట్టారు. ఆయన తువ్వాలుతోనే చేతులు వెనక్కి కట్టారు. పెదవి పగిలి ఉంది. అమ్మను చూసి తల దించుకున్నాడు. "నేను తాగుతా, ఆ నీళ్లు నేనే తాగుతా" అని పొద్దున్నుంచి మొత్తుకున్నాడట. "తెగించినోడు తాగతాడు. పెండ్లాం పిల్లల్ని చూసుకుంటామని అవతలోళ్లు మాటిచ్చింటారు" అని ఎవరో అన్నారట, అంతే, ఇంక ఆ మాట ఎవరూ చెవిన వేసుకోలేదు. పెద్దాయన వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కేక లేదు, కోపం లేదు.

అమ్మ తొట్టి దగ్గరకు పోయి ముందు వాసన చూసింది. తర్వాత బోరు నీళ్లు ఒక గిన్నెలో తెమ్మంది. నిన్న పొర్లిన తొట్టి నీళ్లు చెట్ల కోసమని బకెట్లో పట్టి పెట్టారట, అవి ఇంకొక గిన్నెలో పోయమంది. ఆ పాత తొట్టి నీళ్లలో ముంచిన కాగితం నారింజ రంగుకు తిరిగింది. బోరు నీళ్లలో ముంచింది ఆకుపచ్చ దాటి నీలం వైపు పోయింది. రెండూ ఎత్తి పట్టుకుని, బడిలో వెనక బెంచీకి వినబడేంత గొంతుతో చెప్పింది. "అన్నా, చేపకు కావాల్సింది మంచి నీళ్లు కాదు, అలవాటైన నీళ్లు. ఈ తొట్టిలో నీళ్లు తీసింది లేదు, మురికి ఎత్తింది లేదు. చేపల మురికి, కుళ్లిన అన్నం అంతా ఇందులోనే ఉంది. నీళ్లు పులిసిపోయినాయి. పులుపు ఉన్నంత కాలం ఆ మురికి పండుకున్న పాము మాదిరి కదలకుండా పడుంటాది. బోరు నీళ్లు నాపరాతి నీళ్లు, సున్నం నీళ్లు. అవి బిందెడు పడేసరికి పులుపు విరిగింది, పాము లేచింది. చేపల్ని సంపింది వాటి మురికే. బోరు నీళ్లలో ఏమీ లేదు."

పెద్దాయన అల్లుడు, "రంగు కాగితాలు చూపించి కతలు చెప్తాండావా?" అన్నాడు. అమ్మ అతని వైపు చూడలేదు. నా చేతిలోంచి సీసా తీసుకుంది. రెండు చేపల్ని ఉత్త బోరు నీళ్లలోకి వదిలింది. మా ఇంటి బావి కూడా నాపరాతి బావే, మా చేపలకు ఆ నీళ్లు కొత్త కాదు. అవి ఒక చుట్టు తిరిగి తోకలాడించాయి. ఇంకొక గిన్నెలో పులిసిన నీళ్లు, బోరు నీళ్లు కలిపి మిగతా రెండింటిని వదిలింది. చూస్తుండగానే అవి పైకి వచ్చి నోళ్లు తెరిచాయి, పక్కకు ఒరిగాయి. అమ్మ గబగబా వాటిని దోసిట్లోకి తీసి సీసాలో వేసింది. ఒకటి బతికింది. "చూస్తిరి గదా" అంది. వసారాలో ఉన్న ముసలాయన ఒకరు "అవునప్పా, నిజమే" అన్నాడు కూడా. అయిపోయిందనుకున్నాను నేను.

పెద్దాయన కుర్చీలోంచి లేచాడు. బోరు నీళ్ల బిందెలో గ్లాసు ముంచి అమ్మ ముందు పెట్టాడు. "చేపలు నీయి. నువ్వు చెప్పినట్ల ఇంటాయి. నీళ్లు మంచియే అంటాండావు గదా టీచరమ్మా, తాగు" అన్నాడు.

నేను చెయ్యి చాచాను. నాకు గ్లాసు అందకుండా అమ్మ ఎత్తి, అడుగుదాకా తాగేసింది. తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, "కొంచెం సప్పగా ఉండాయి. అన్నానికి బాగుంటాయి, పప్పు మాత్రం ఉడకదు" అంది. సాయంత్రం దాకా ఇక్కడే ఉండమన్నాడు ఆయన. ఉండక చేసేదేముంది? వసారా చివర ఇద్దరం కూర్చున్నాం. నాకు చదువు తెలుసు, ఆ కాగితాల రంగుల అర్థం తెలుసు, నీళ్లలో ఏమీ లేదని అమ్మకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. అయినా ఆ పూటంతా నా కళ్లు ఆమె ముఖం మీదే ఉన్నాయి. నిజంగానే ఎవడో రాత్రి బోరులో ఏదైనా వేసి ఉంటే? చేపలకు పని చేయనిది, మనుషులకు పని చేసేది ఏదైనా ఉంటే? భయం మనిషిని ఎంత వెర్రిదాన్ని చేస్తుందో ఆ రోజు తెలిసింది. ఆ ఇంట్లో వాళ్లు ప్రతిరోజూ అట్లాగే బతుకుతున్నారని కూడా తెలిసింది. పెద్దాయన అర్జీలు వింటూనే, మనుషుల్ని పంపుతూనే మధ్యమధ్య అమ్మ వైపు ఒక చూపు వేసేవాడు, తొట్టి వైపు చూసినట్టే. ఎండ వసారా దిగి పోతుంటే అమ్మ గట్టిగా, "నీళ్లయితే తాపిచ్చిరి గానీ అన్నం పెట్టరా అన్నా?" అని అడిగింది. "వండేటోన్ని కట్టేసినాం గదా" అన్నాడు ఆయన. అని, తన మాట తనకే వింతగా తోచిందేమో, మొదటిసారి నవ్వాడు. "ఇప్పండ్రా వాన్ని" అన్నాడు. మౌలాలి మామ మణికట్లు రుద్దుకుంటూ కొట్టంలోంచి వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా నేరుగా వంటింట్లోకి పోయి పొయ్యి ముట్టించాడు.

ఇక్కడితో ముగిస్తే మా అమ్మ గెలిచిన కథ అవుతుంది. చాలాకాలం నేను కూడా నా స్టూడెంట్లకు ఇక్కడిదాకానే చెప్పేదాన్ని. పీహెచ్ పాఠానికి అది చాలు. మిగతాది చెప్పడానికి నోరు వచ్చేది కాదు.

కొన్నాళ్లకు అమ్మ బడి పని మీద ఆ ఊరు పోయింది. వసారాలో తొట్టి లేదు. "తొట్టి ఏమాయె అన్నా?" అని అడిగిందట. "తీపిచ్చేసినా. చేపలు అబద్ధం చెప్తాయి టీచరమ్మా, నువ్వే గదా రుజువు చేసినావు. నీళ్లు మంచియైనా సస్తాయి. మనిషైతే అబద్ధం చెప్పడు" అన్నాడట ఆయన. అప్పుడే మౌలాలి మామ బిందె దించి, మొదటి చెంబు అందరి ముందూ తాగి, గోడకు ఆనుకుని నిలబడ్డాడట. పెద్దాయన పేపరు తిప్పుతూ కూర్చున్నాడు. పేపరు అయ్యాక తలూపాడు.

అమ్మ ఆ సాయంత్రం బడి చీర కూడా మార్చుకోకుండా మౌలాలి మామ ఇంటికి పోయింది. నేనూ వెంట పోయాను. "ఆ పని మానుకో మౌలాలన్నా. మా బడిలో వంట పని ఇప్పిస్తా. ఈ వీధిలోనే బతుకు" అంది. మామ ఆమెకు పీట వేశాడు, కాఫీ పెట్టమని ఇంట్లోకి చెప్పాడు. "యాడికి పోదును టీచరమ్మా? ఇప్పుడు పోతే ఏమనుకుంటారు? ఆ పొద్దు నిజంగానే కలిపినాడు, అందుకే పోయినాడు అంటారు. నువ్వు ఆ నీళ్లు తాగింది కూడా ఉత్తదే అయితాది" అన్నాడు. మొదట పోయేది అవే అని తొట్టి ముందు తాను అన్న మాట ఎక్కడిదాకా వచ్చిందో చూస్తూ అమ్మ కూర్చుంది. ఇంటికి వచ్చి మా తొట్టి ముందు నిలబడింది గానీ ఆ శనివారం కాగితం ముంచలేదు.

ఆయన ఎన్నికల్లో గెలిచాడు, ఓడాడు, మళ్లీ గెలిచాడు. చివరికి ముసలితనంతో, మంచం మీదే పోయాడు. అన్నేళ్లూ మౌలాలి మామ రోజూ మొదటి చెంబు తాగాడు. దాంట్లో ఎప్పుడూ ఏమీ లేదు. ఇప్పుడు మా తట్టు అలాంటి ఎత్తు గోడలు కొన్ని పడగొట్టి షాపులు కట్టారు, జీపులు పోయి కార్లు వచ్చాయి. ఆటోలో ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తెచ్చి గుమ్మం ముందు దించిపోయిన క్యాన్ మూత తీసి, ఏమీ ఆలోచించకుండా తాగుతున్నాం. నా మేనకోడలు చేపలకు కూడా అవే పోస్తోంది. ఆ పిల్లకు తెలియని భయం అది, తెలియకపోవడమే మేలు. మనుషులు మంచివాళ్లయ్యారో లేక భయం ఇంకోచోటికి మారిందో నాకు తెలియదు. నాకు మాత్రం ఎవరైనా నీళ్లిస్తే ముందు ఇచ్చిన చెయ్యి ఎవరిదో చూసే అలవాటు పోలేదు.

అమ్మ చివరి రోజుల్లో జ్వరంతో మంచం పట్టినప్పుడు మౌలాలి మామ చూడడానికి వచ్చాడు. అప్పటికి ఆయనా కర్ర లేకుండా నడవలేడు. మంచం పక్కన కూర్చుని, ఎవరెవరు పోయారో, ఎవరి పిల్లలు ఎక్కడున్నారో చెప్తూ ఉన్నాడు. మా మరదలు మాత్ర, గ్లాసుతో నీళ్లు తెచ్చి అమ్మకు ఇవ్వబోయింది. మామ మాట్లాడుతూనే ఆ గ్లాసు అందుకుని, ఒక గుక్క తాను తాగి, ఆగాడు. కళ్లు నేల మీద పెట్టి కాసేపు అట్లాగే ఉన్నాడు. తర్వాత తల ఊపి గ్లాసు అమ్మ చేతిలో పెట్టి, ఆపిన మాట మళ్లీ అందుకున్నాడు. తాను ఏం చేశాడో ఆయనకు తెలియదు. ఇంట్లో మనవళ్లకు కూడా ఆయన నీళ్లు అట్లాగే ఇస్తాడని తర్వాత వాళ్ల కోడలు చెప్పింది. మా మరదలు ఎంగిలి నీళ్లని గ్లాసు మార్చబోతే అమ్మ వదల్లేదు. మాత్ర పక్కన పెట్టి, ముందు ఏడ్చింది. నీళ్లు తర్వాత తాగింది.